సూరత్ తాళం

2015 ఆగస్టు 25. అహ్మదాబాద్‌లోని జీఎండీసీ మైదానంలో పాటీదార్ల రిజర్వేషన్ సభకు లక్షల్లో జనం వచ్చారు. ఆ సాయంత్రం పోలీసులు హార్దిక్ పటేల్‌ను అదుపులోకి తీసుకున్నారు. చీకటి పడేసరికి అహ్మదాబాద్, మెహసానా, సూరత్ అట్టుడికిపోయాయి. బస్సులు తగలబడ్డాయి, కొన్ని ప్రాంతాల్లో కర్ఫ్యూ పెట్టారు, సైన్యాన్ని పిలిచారు, పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఇవన్నీ గుజరాత్‌కు పూర్వం తెలిసినవే. తెలియనిది మరొకటి జరిగింది. చేతిలో ఫోను వెలుగుతూనే ఉంది, గంట మోగుతూనే ఉంది, కానీ వాట్సాప్‌లో సందేశం కదలలేదు. మొబైల్ ఇంటర్నెట్‌ను ప్రభుత్వం నిలిపివేసింది. ఆ నిలుపుదల దాదాపు వారం సాగింది. కాశ్మీర్ లోయకు అప్పటికే అలవాటైన ఈ కట్టడి దేశంలోని అతిపెద్ద వాణిజ్య రాష్ట్రాలలో ఒకదాని గడపలోకి వచ్చింది.

దీన్ని శాంతిభద్రతల చరిత్రలో ఒక చిన్న ఉదంతంగా చదవవచ్చు. సూరత్ నుంచి చూస్తే మాత్రం వేరే కథ కనిపిస్తుంది. ఎందుకంటే మూసివేత అనేది సూరత్‌కు కొత్త కాదు. మూడున్నర శతాబ్దాలుగా ఆ ఊరు మూసివేతతోనే పాలకులతో మాట్లాడింది. ‘హర్తాళ్’ అన్న మాట గుజరాతీ భాష దేశానికి ఇచ్చింది. హాట్ అంటే అంగడి, తాళు అంటే తాళం. ఆ రెండో సగం తెలుగువారికి అర్థం చెప్పనక్కర లేదు. అంగడికి తాళం వేయడం, ఆ తాళంచెవి వర్తకుడి మొలలోనే ఉంచుకోవడం: హర్తాళ్ అంటే అంతే. 2015లో జరిగినది కూడా తాళమే. కాకపోతే చెవి చేతులు మారింది.

1669 సంగతి చూడండి. అప్పటికి సూరత్ మొఘల్ సామ్రాజ్యానికి పడమటి సింహద్వారం. హజ్ యాత్రికుల ఓడలు అక్కడి నుంచే బయలుదేరేవి, ఇంగ్లీషు, డచ్చి కంపెనీల కొఠీలు అక్కడే ఉండేవి, మన కృష్ణా తీరపు కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలలో ఎన్నో గుజరాతీ వర్తకుల చేతుల మీదుగా అక్కడికి చేరేవి. అంతకు అయిదేళ్ల కిందట శివాజీ దండు ఊరిని దోచుకుపోయింది. ఆ గాయం మానకముందే స్థానిక ఖాజీ బలవంతపు మతమార్పిళ్లతో, డబ్బు గుంజుడుతో బనియా వర్తకుల ప్రాణం విసిగించాడు. సెప్టెంబరులో వాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు. కత్తి ఎత్తలేదు, కోట ముట్టడించలేదు. కుటుంబాల పెద్దలు, ఇంగ్లీషు కొఠీ లేఖలు చెప్పే లెక్క ప్రకారం ఎనిమిది వేల మంది, ఊరు విడిచి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలోని భరూచ్‌కు నడిచి వెళ్లిపోయారు. 

సూరత్ ఒక్కసారిగా ఆగిపోయింది. సుంకపు చావడికి పని లేదు. టంకసాలకు పని లేదు. హుండీ రాసేవాడూ లేడు, మార్చేవాడూ లేడు. చక్రవర్తి ఔరంగజేబు. ఆయన కాలంలో, ఆయుధం లేని వర్తకులు, కేవలం లేకపోవడం ద్వారా, రాజ్యం మెడలు వంచారు. భద్రతకు హామీ లభించాకే డిసెంబరులో తిరిగి వచ్చారు. 

ఈ ఘట్టం చదివినప్పుడు తెలుగు పాఠకుడికి 1921 చీరాల గుర్తుకు రాకుండా ఉండదు. మునిసిపాలిటీ పన్నులు మాకొద్దని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల–పేరాల జనం ఇళ్లు వదిలి ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు గడిపారు. గోపాలకృష్ణయ్యకు భరూచ్ వలస తెలుసో లేదో గాని ఆ తర్కం ఒకటే: మీ పాలనకు మేము కావాలి, మేము లేచిపోతే మీరు ఎవరిని పాలిస్తారు?

సూరత్ ఆ తర్కాన్ని మరచిపోలేదు. ఈస్టిండియా కంపెనీ 1844లో ఉప్పు సుంకాన్ని మణుగుకు ఎనిమిది అణాల నుంచి రూపాయికి పెంచింది. అంగళ్లు మూతపడ్డాయి, జనం వీధుల్లోకి వచ్చారు, కంపెనీ కొంత వెనక్కి తగ్గింది. దండి యాత్రకు 86 ఏళ్ల ముందు, దండికి కూతవేటు దూరంలోని ఊరిలో, ఉప్పు మీద జరిగిన పోరాటమిది. 1848లో బెంగాల్ తూనికలు, కొలతలు తెచ్చి రుద్దబోతే మళ్లీ తాళాలు పడ్డాయి. ఈసారి ప్రభుత్వం ఆ కొలతలను ఉపసంహరించుకుంది. 1878లో లైసెన్సు పన్ను మీద జరిగిన హర్తాళ్ మాత్రం కాల్పుల దాకా వెళ్లింది. (సూరత్ అనగానే 1907 కాంగ్రెస్ చీలిక, గాలిలో ఎగిరిన చెప్పు మాత్రమే గుర్తుంచుకోవడం మన పాఠ్యపుస్తకాల పేదరికం.) గాంధీ 1919 ఏప్రిల్‌లో రౌలట్ చట్టంపై దేశవ్యాప్త హర్తాళ్‌కు పిలుపునిచ్చినప్పుడు ఆ ఆలోచన మద్రాసులో తెల్లవారుజామున తట్టిందని రాసుకున్నాడు. తట్టింది మద్రాసులో కావచ్చు. కానీ ఒక కాఠియావాడ్ బిడ్డకు ఆ మాట తల్లి భాషలో ఎప్పటినుంచో ఉంది.

2015 నాటి సూరత్‌లో అంగడి అంటే ఏమిటి? తలుపు, గల్లాపెట్టె మాత్రమే కాదు. రింగు రోడ్డు వెంట ఉన్న వస్త్ర మార్కెట్లలో వ్యాపారి పొద్దున చేసే మొదటి పని కొత్త చీరల ఫొటోలు వాట్సాప్‌లో పంపడం. విజయవాడ వస్త్రలతలోనో, హైదరాబాద్ పత్తర్‌గట్టీలోనో కూర్చున్న టోకు వ్యాపారి ఆ బొమ్మ చూసి ఎన్ని కావాలో అంకె టైపు చేస్తాడు. పూర్వం నమూనా పుస్తకం చంకన పెట్టుకుని ఏజెంటు రైలెక్కి రావలసిన పని అది. వరాఛా, మహిధర్‌పురా వజ్రాల వీధుల్లో కాగితపు మడతలో రాళ్లు చేతులు మారుతుంటాయి. ముంబయికి ఆ మడతలను, నగదును మోసుకుపోయే ఆంగడియాలు నమ్మకం మీద బతికే వృత్తివారు, కానీ నమ్మకానికి కూడా ఇప్పుడు ‘చేరింది’ అనే సందేశం కావాలి. ప్రపంచంలో సానబట్టే వజ్రాలలో పదింట తొమ్మిది ఈ ఊరి చేతుల మీదుగానే పోతాయని వ్యాపార వర్గాలు చెప్పుకుంటాయి. ఆ చేతులు ఎక్కువగా సౌరాష్ట్ర నుంచి వలస వచ్చిన పాటీదార్లవి. 2015లో వజ్రాల వ్యాపారం దెబ్బతిని ఉంది; సాన చక్రాల దగ్గర పని తగ్గింది. రిజర్వేషన్ కోసం యువకులు వీధుల్లోకి రావడానికి అదీ ఒక కారణం. ఆగస్టు 17న సూరత్‌లోనే వాళ్ల భారీ ప్రదర్శన జరిగింది.

ఇక మరో సూరత్ ఉంది. లింబాయత్, ఉధనా ప్రాంతాల పవర్‌లూముల ఊరు. ఒడియాలు, మరాఠీలు, ఉత్తరప్రదేశ్, బిహార్ కార్మికులు, వారితోపాటు తరాల కిందట తెలంగాణ నుంచి మగ్గం వదిలి మరమగ్గం దగ్గరికి వెళ్లిన పద్మశాలీలు. సూరత్ నగరపాలక పాఠశాలలు ఏడు భాషల్లో నడుస్తాయి. అందులో తెలుగు ఒకటి. హైదరాబాద్‌లో తెలుగు మాధ్యమం గురించి వాదించుకునే వారు ఒకసారి ఆలోచించదగిన వాస్తవం.

డేటా పోయినప్పుడు ఈ రెండు సూరత్‌లకూ ఒకే దెబ్బ తగలలేదు. నిలిపివేసినది మొబైల్ ఇంటర్నెట్. తీగ ద్వారా వచ్చే బ్రాడ్‌బ్యాండ్ అందుబాటులోనే ఉంది. ఎగుమతిదారు కార్యాలయంలో తీగ ఉంటుంది. సాన చక్రం ముందు కూర్చున్న కారీగర్‌కు, మరమగ్గం కార్మికుడికి, చిన్న దళారికి ఉండేది జేబులోని ఫోను ఒక్కటే. రాసి చూస్తే ఆ ఉత్తర్వు అందరికీ సమానం. బతికి చూస్తే అది తీగ లేనివారి మీద మాత్రమే పడిన తాళం. 

ప్రభుత్వ వాదనలో పస లేదనడం అన్యాయం. పాటీదార్ ఉద్యమం వాట్సాప్ మీదే పెరిగింది. పుకార్లు, పాత దృశ్యాలు, రెచ్చగొట్టే మాటలు ఫోను నుంచి ఫోనుకు పాకిన మాటా నిజమే. గుజరాత్‌లో పుకారుకు ఎంత ప్రాణనష్టం జరగగలదో 2002 తరువాత ఎవరూ చెప్పనక్కర లేదు. ప్రశ్న అది కాదు. ఒక నిప్పురవ్వను ఆర్పడానికి ఊరందరి పొయ్యిలోనూ నీళ్లు పోయవచ్చునా అన్నది ప్రశ్న. ఆ ప్రశ్నను గౌరవ్ సురేశ్‌భాయ్ వ్యాస్ అనే న్యాయ విద్యార్థి గుజరాత్ హైకోర్టు ముందుంచాడు.

ఇక్కడ ఆగి, ఆ ప్రశ్నను అందరికంటే ముందు అడగవలసినవారు ఆ సంవత్సరం ఏం చేస్తున్నారో చూడాలి. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యుడికి ఇంటర్నెట్ తలుపు తీసింది. గుజరాత్ తాళానికి సరిగ్గా ఇరవై ఏళ్ల పది రోజుల ముందు. ఆ తలుపులోంచి తొలినాళ్లలో వెళ్లినవారు ఒక ప్రత్యేకమైన జాతి. ఇంజనీర్లు, విద్యార్థులు, రాత్రి టెలిఫోను లైను ఖాళీ అయ్యాక మోడెమ్ కీచుధ్వని వింటూ కూర్చున్నవారు. ఉద్యోగం ఒక కంపెనీకి, విధేయత నెట్‌కు. ఒకరి ప్రోగ్రాములోని తప్పు ఇంకొకరు ఊరూ పేరూ అడగకుండా దిద్దిపెట్టే మర్యాద వారిది. వారి రాజకీయాభిప్రాయాలు స్థూలంగా రెండు: జ్ఞానం అందరిదీ, నెట్ దారి వంటిది, దాని మీద నడిచేవాడి కులగోత్రాలు దారి అడగకూడదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలు ఆ విశ్వాసానికి తెలుగు రూపం ఇచ్చాయి. పార్టీ రాజకీయాలంటే ఈ వర్గానికి చాలావరకు చిరాకు. రాజకీయం లేని స్వేచ్ఛ ఒకటి ఉంటుందని వారు నమ్మారు. ఆ నమ్మకమే 2015లో వారిని ఒక విజయానికి చేర్చింది, ఒక చోట మౌనంగానూ ఉంచింది.

విజయం నెట్ న్యూట్రాలిటీది. 2015 మార్చి చివర ట్రాయ్ ఒక చర్చాపత్రం విడుదల చేసింది. కొన్ని యాప్‌లకు ఉచితం, కొన్నింటికి చార్జీ అనే విధానానికి టెలికాం కంపెనీలు తహతహలాడుతున్నాయి. ఏప్రిల్‌లో దేశమంతటా వలంటీర్లు ఆ పత్రాన్ని సరళం చేసి, జవాబులు తయారుచేసి, ఒక్క నొక్కుతో ఈమెయిలు వెళ్లే ఏర్పాటు చేశారు. పది లక్షలకు పైగా ఈమెయిళ్లు ట్రాయ్‌కి చేరాయి. డిసెంబరులో ఫేస్‌బుక్ తన ‘ఫ్రీ బేసిక్స్’ కోసం పత్రికల నిండా పూర్తిపేజీ ప్రకటనలు గుప్పించినా నిలబడలేదు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ వివక్షాపూరిత ధరలను నిషేధించింది. ప్రపంచంలోని అతిపెద్ద కంపెనీలలో ఒకదానిని మన వలంటీర్లు ఈమెయిళ్లతో ఓడించారు. అది హర్తాళ్ స్థాయి విజయమే.

మూడు రోజుల తరువాత, ఫిబ్రవరి 11న, గుజరాత్ నిలుపుదలపై వేసిన పిటిషన్‌ను ప్రధాన న్యాయమూర్తి టి.ఎస్. ఠాకూర్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం కొట్టివేసింది. పది లక్షల ఈమెయిళ్లు పంపిన దేశంలో దానికి దక్కినది పత్రికల లోపలి పేజీలో చోటు. కంపెనీ కొన్ని సైట్లకు చార్జీ వేస్తే లేచిన గొంతులు, ప్రభుత్వం మొత్తం నెట్‌నే ఆపితే లేవలేదు. కొందరు లేపారు, నిలుపుదలల లెక్కలు ఓపికగా రాసిపెట్టారు. వారు చేసిన పని వల్లే ఈ చరిత్రకు నేడు ఆధారాలున్నాయి. కానీ మధ్యతరగతి సాంకేతిక సమాజం మొత్తంగా కదలలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ధరల వివక్ష తన తీగను తాకుతుంది. సూరత్‌లో ఆగిన మొబైల్ డేటా తన తీగను తాకదు.

హైకోర్టు తీర్పు 2015 సెప్టెంబరు 15నే వచ్చింది. పిటిషనర్ వాదన సూటిగా ఉంది: అభ్యంతరకరమైన సైట్లను అడ్డుకోవడానికి ఐటీ చట్టంలో 69ఏ సెక్షన్ ఉంది, దాన్ని వాడండి, మొత్తం నెట్‌ను ఆపడానికి 144 సెక్షన్ ఎందుకు? కోర్టు అంగీకరించలేదు. 69ఏ ప్రత్యేక సైట్ల కోసం, 144 శాంతిభద్రతల కోసం, రెండింటి క్షేత్రాలు వేరన్నది. బ్రాడ్‌బ్యాండ్ అందుబాటులోనే ఉన్నందున పూర్తి నిషేధం కాదన్న మాటకూ ప్రాధాన్యమిచ్చింది. వలసపాలకులు గుంపులు కూడకుండా చూసుకోవడానికి తయారుచేసుకున్న అధికారం 144వ సెక్షన్. నలుగురు కలవకుండా ఆపే ఆ నిబంధన, ఆరు కోట్లకు పైగా జనాభా గల రాష్ట్రంలో మాట కలవకుండా ఆపడానికి పనికొచ్చింది. 

తీర్పు వచ్చిన నాలుగు రోజులకు, సెప్టెంబరు 19న, దండి నుంచి తలపెట్టిన ‘ఏక్తా యాత్ర’కు అనుమతి లేదంటూ హార్దిక్‌ను సూరత్‌లోనే అదుపులోకి తీసుకున్నారు. మొబైల్ ఇంటర్నెట్ మళ్లీ ఆగింది. గాంధీ నడిచి చేరుకున్న దండి నుంచి వెనక్కి నడవాలన్నది ఆ యాత్ర తలంపు. యాత్ర కదలలేదు, వార్త కూడా కదలలేదు.

ఆ తరువాత ఏం జరిగిందో చూస్తే అధికారం ఎంత త్వరగా అలవాటుగా మారుతుందో తెలుస్తుంది. 2016 ఫిబ్రవరి 28న గుజరాత్‌లో ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు మొబైల్ ఇంటర్నెట్ లేదు. అల్లర్లు లేవు, ఉద్యమం లేదు. ఆ రోజు తలాటీ ఉద్యోగాలకు పరీక్ష. కాపీ కొట్టకుండా చూడాలట! ఇన్విజిలేటర్ చేయవలసిన పనికి రాష్ట్రమంతా నెట్ ఆపారు. రాజస్థాన్ ఆ బాటలో గుజరాత్‌ను మించిపోయింది. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఒక్కటే. కాంగ్రెస్, బీజేపీ అనే తేడా ఈ ఒక్క విషయంలో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

2017 ఆగస్టులో కేంద్రం ఈ పనికి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద. తంతి తపాలా మూతపడి అప్పటికి నాలుగేళ్లయింది, చట్టం మాత్రం పని చేస్తూనే ఉంది. దాని స్థానంలో 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చింది. నిలిపివేసే అధికారం మాత్రం అందులోకీ భద్రంగా చేరింది.

అదే 2017 జులైలో సూరత్ మరోసారి పాత పద్ధతిలో మాట్లాడింది. వస్త్రాలపై జీఎస్టీకి వ్యతిరేకంగా మార్కెట్లు రోజుల తరబడి మూతపడ్డాయి. లాఠీచార్జి జరిగింది. వేల సంఖ్యలో వ్యాపారులు ఊరేగింపు తీశారు. సమీకరణ అంతా ఫోన్ల మీదే. డిసెంబరు ఎన్నికల్లో సూరత్ ప్రభుత్వాన్ని శిక్షిస్తుందని ఢిల్లీ విశ్లేషకులు నమ్మకంగా రాశారు. జిల్లాలోని 16 స్థానాలలో 15 బీజేపీ గెలుచుకుంది. హర్తాళ్ చేసేవాడు, ఓటు వేసేవాడు ఒకే మనిషి అయినా ఒకే లెక్కతో ఆ రెండు పనులూ చేయడని 1669 నుంచి సూరత్‌ను చదివినవారికి ఆశ్చర్యం కలగలేదు. తిరిగి వచ్చాక బనియాలు ఔరంగజేబుకే సుంకం కట్టారు కదా!

కాశ్మీర్ నిలుపుదలపై అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న తీర్పిచ్చింది. ధర్మాసనంలోని ముగ్గురిలో ఇద్దరు తెలుగువారు: తీర్పు రాసిన జస్టిస్ ఎన్.వి. రమణ, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి. రెండోవారు అంతకుముందు గుజరాత్ హైకోర్టుకే ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. ఇంటర్నెట్ ద్వారా భావప్రకటనకు 19(1)(ఏ) కింద, ఇంటర్నెట్ ద్వారా వృత్తి వ్యాపారాలకు 19(1)(జి) కింద రాజ్యాంగ రక్షణ ఉందని కోర్టు చెప్పింది. నిరవధికంగా ఆపడం కుదరదు, ప్రతి ఉత్తర్వునూ ప్రచురించాలి, దాన్ని సవాలు చేసే వీలుండాలి అన్నది. రెండో అధికరణం ప్రస్తావన సూరత్ వర్తకుడికి నాలుగేళ్లకు పైగా ఆలస్యంగా అందిన జవాబు. అయినా 2018 నుంచి 2023 వరకు వరుసగా ఆరేళ్లు ప్రపంచంలో అత్యధికంగా ఇంటర్నెట్ నిలిపివేసిన దేశంగా అంతర్జాతీయ సంస్థ యాక్సెస్ నౌ లెక్కల్లో మన దేశమే నిలిచింది. 

తాళం తెలుగు గడపకూ వచ్చింది. 2022 మే 24న, కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో అల్లరిమూకలు చెలరేగాయి. మంత్రి పినిపే విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీశ్ ఇళ్లకు నిప్పు పెట్టాయి. ఒక దళిత మంత్రి ఇల్లు తగలబెట్టిన ఆ విద్వేషం ఫోన్లలోనే రాజుకుందన్నది పోలీసుల మాట. ఇంటర్నెట్ ఆగింది, రోజుల తరబడి ఆగింది. అది కోవిడ్ తరువాతి కాలం. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎందరో కొబ్బరితోటల మధ్య సొంత ఇళ్ల నుంచే పని చేస్తున్నారు. ఇళ్లకు నిప్పు పెట్టినవారెవరో వారికి తెలియదు. ఇంట్లో సిగ్నల్ లేదు, అవతల మేనేజరు ఆగడు. ల్యాప్‌టాప్ సంచులు భుజాన వేసుకుని వారు గోదావరి గట్టుకు వెళ్లారు. అవతలి ఒడ్డు టవర్ల నుంచి వచ్చే సిగ్నల్ పట్టుకుని, గట్టు మీద చెట్ల నీడన వరుసగా కూర్చుని పని చేసుకున్నారు. సాయంత్రం చీకటి పడ్డాక సంచులు సర్దుకుని ఇళ్లకు వెళ్లి, మర్నాడు పొద్దున మళ్లీ గట్టుకు వచ్చారు.